ఫ్రాన్సు పల్లెలలోని ఉతుకుసావడులు

ఫ్రాన్సు దేశపు పల్లెలను చూడబోయిన బాటసారికి అనేక గ్రామములలో మూడు కట్టడములు కంటబడును. మొదటిది ఎత్తైన గంటగోపురము గల చర్చి. రెండవది మేయరు కూర్చుండి గ్రామవ్యవహారములు నడపు కచేరి. మూడవది ఊరి పల్లమున, ఊటయో వాగో పాఱుచోట, పెంకుల కప్పు క్రిందికి దిగియున్న ఒక పొట్టి కట్టడము. దీనికి సాధారణముగా తలుపులుండవు. లోపల రాతితో కట్టిన పొడవైన కుండము కలదు. కుండము అంచున ఏటవాలుగా చెక్కిన రాళ్లు వరుసగా అమర్చియుండును. ఆ రాళ్లు నునుపెక్కి, నడుమ కొంచెము అరిగి, ఎన్నియో యేండ్ల రాపిడికి సాక్ష్యము చెప్పుచున్నట్లుండును.

చర్చి దేవునిది, కచేరి ప్రభుత్వమువారిది, ఈ మూడవ కట్టడము స్త్రీలది. ఊరివారి బట్టలను వారు ఇచటనే ఉతుకుచుండిరి. దీనిని ఫ్రెంచి భాషలో ‘లవ్వార్’ అందురు. మనము ఉతుకుసావడి అని పిలుచుకొందము. ఈ సావడులు ఏల పుట్టినవి? వానిలో శ్రమపడినవారెవరు? అవి ఏల పాడుపడినవి? ఈ సంగతులు తెలిసికొన్నచో, రాజుల యుద్ధములలోను సంధులలోను కానరాని చరిత్ర యొకటి మనకు కానవచ్చును.

మన దేశమున బట్టలుతుకుట ఒక కులమువారి వృత్తిగా సాగివచ్చినది. ఫ్రాన్సులో అట్లు కాదు. అచట అది కులముపని గాక ఆడువారి పనిగా ఎంచబడెను. రైతు భార్య తన యింటి బట్టలు తానే ఉతుకుకొనుచుండెను. కలవారు మాత్రము కూలికి ఉతుకు స్త్రీలను పిలిపించుకొనుచుండిరి. ఆ కూలి స్త్రీలలో విధవలు, భూమిలేని పేదలు ఎక్కువగా ఉండిరి.

పూర్వము ఈ పనికి కప్పు గాని కట్టడము గాని లేదు. ఏటి యొడ్డున, చెఱువుగట్టున, ఊట ప్రక్కన ఒక చదునైన రాయి దొరకిన చాలును. దానిముందు మోకరిల్లి బట్టలుతుకుచుండిరి. వానకు తడియుచు, ఎండకు ఎండుచు, మోకాళ్లు బురదలో దిగబడుచుండగా పని జరుగుచుండెను. అదే నీటిలో పశువులు దిగెడివి. కొన్నిచోట్ల త్రాగునీరును అచటనే ముంచుకొనెడివారు. ఈ కలయికలో ఎంతటి అపాయము దాగియున్నదో ఆ కాలమువారికి తెలియదు.

ఆనాటి ఉతుకుడు నేటి ఉతుకుడు వంటిది కాదు. చిన్న చిన్న బట్టలను వారమునకొకసారి జాడించుకొన్నను, దుప్పట్లు, బల్లగుడ్డలు, నారచొక్కాలు మొదలగు వానిని ఏడాదికి రెండు మూడు మార్లు మాత్రమే ఉతుకుచుండిరి. సాధారణముగా వసంతమున ఒకసారి, శరత్తున ఒకసారి ఈ మహాకార్యము జరుగుచుండెను. దీనికి ‘పెద్ద ఉతుకుడు’ అని పేరు. అన్ని నెలలపాటు మురికిబట్టలను దాచియుంచవలెనన్న ఇంటిలో ఎన్ని దుప్పట్లుండవలెనో ఊహింపుడు! అందుచేతనే పెండ్లికూతురు పుట్టినింటినుండి పెట్టెల నిండ నారబట్టలు తెచ్చుకొనుచుండెను. పెద్ద ఉతుకుడు నాడు తీగలపై ఆరిన దుప్పట్లను బట్టి ఆ యింటి కలిమి ఎంతటిదో ఊరివారు లెక్క కట్టుచుండిరి.

పెద్ద ఉతుకుడునకు మూడు దినములు పట్టెడిది. పల్లెవారు హాస్యమునకు ఆ మూడు దినములకు మూడు లోకముల పేర్లు పెట్టిరి. మొదటి దినము పాపక్షాళన లోకము. రెండవ దినము నరకము. మూడవ దినము స్వర్గము. క్రైస్తవుల నమ్మకము ప్రకారము కొన్ని ఆత్మలు మొదట పాపక్షాళన లోకమున శుద్ధిపొంది పిమ్మట స్వర్గమునకు పోవును. బట్టలు మాత్రము నరకమును గూడ చూచి స్వర్గము చేరుచుండెను!

మొదటి దినమున బట్టలను చన్నీటిలో నానవేసి, మరకలున్నచోట సబ్బు రుద్దెడివారు. రెండవ దినమున వానిని పెద్ద కొయ్యబానలో పొరలు పొరలుగా పేర్చి, పైన ముతకగుడ్డ పఱచి, దానిపై జల్లించిన కట్టెబూడిదను పోసెడివారు. పిమ్మట బూడిదపై నీరు పోయుట మొదలుపెట్టెడివారు. మొదట గోరువెచ్చని నీరు, తరువాత వేడినీరు, చివరకు సలసల క్రాగిన నీరు. ఆ నీరు బూడిదలోని క్షారమును కరగించుకొని, బట్టల పొరలగుండ దిగి, బాన అడుగుననున్న రంధ్రమునుండి బయటికి కారెడిది. దానిని పట్టి, మరల కాచి, మరల పోయుచుండిరి. ప్రొద్దుట మొదలైన ఈ పని చీకటిపడు వఱకు సాగెడిది. ఆవిరి, పొగ, మంట, క్షారజలము చేతులపై చిందినపుడు కలుగు బాధ — ఇవి యన్నియు కలిసిన ఆ దినమునకు నరకమని పేరు పెట్టుటలో వింతలేదు.

బూడిదతో మురికి ఎట్లు పోవునని మీరు అడుగవచ్చును. కట్టెబూడిదలో పొటాషియము కార్బొనేటు అను క్షారలవణము కలదు. అది నీటిలో కరగి, బట్టలకు పట్టిన జిడ్డును విడదీయును. మన రజకులు సౌడుమట్టితో బట్టలను బానలో ఉడికించి తెల్లగా చేయుటయు ఇట్టి క్షారము బలముచేతనే. అయితే బూడిదలన్నియు ఒకటి కావు. పండ్లచెట్ల బూడిద మేలైనదని ఫ్రెంచి గృహిణులు చెప్పుకొనెడివారు. ఓకుచెట్టు బూడిదను మాత్రము వాడకుండిరి. అది బట్టలకు మరక పట్టించునని వారి అనుభవము. రసాయనశాస్త్రము చదువని ఆ స్త్రీలకు బూడిదల గుణభేదములు కంఠపాఠముగా ఉండెను.

మూడవ దినమున తడిబట్టలను ఒంటిచక్రపు తోపుడుబండిలో వేసికొని నీటిరేవునకు పోయెడివారు. అచట చెక్కతో బాది, జాడించి, ఇద్దఱు చెఱియొక కొన పట్టుకొని పిండి, పచ్చికపైనను కంచెలపైనను ఆరవేసెడివారు. ఎండకును మంచుకును బట్టలు చలువబడి తెల్లనగుచుండెను. ఉతుకుసావడి పుట్టినది ఈ మూడవ దినపు పనికొఱకే.

ఇక ఆ సావడులు వ్యాపించిన విధము చూతము. వానిలో కొన్ని చాల ప్రాచీనములు. బర్గండీ ప్రాంతమునందలి తొన్నేర్ అను పట్టణమున భూగర్భమునుండి ఉబికివచ్చు పెద్ద ఊట యొకటి కలదు. దాని పేరు ఫోస్ దియోన్. నీలమును పచ్చయు కలిసిన రంగుగల ఆ నీటి చుట్టు 1758వ సంవత్సరమున గుండ్రని కుండమును, దానికి వలయాకారమున కప్పును కట్టిరి. నేటికిని అది చెక్కుచెదరక యున్నది. కాని పల్లెపల్లెకు సావడులు లేచినది మాత్రము 19వ శతాబ్దముననే. దానికి ముఖ్యకారణములలో ఒకటి భయము.

1832వ సంవత్సరమున కలరా వ్యాధి ఫ్రాన్సు దేశమున ప్రవేశించెను. ఒక్క పారిసు నగరముననే 18,000 మందికి పైగా మరణించిరి. 1849లో ఆ మహమ్మారి మరల విజృంభించెను. వ్యాధికి మూలమేమో వైద్యులకు తెలియదు. దుర్గంధముతో కూడిన గాలియే కారణమని పలువురు నమ్ముచుండిరి. అయినను మురికికిని రోగమునకును ఏదో సంబంధము కలదని మాత్రము అందఱు గ్రహించిరి.

అప్పటికే ఇంగ్లాండు దేశమున ఒక పేదరాలు దారి చూపియుండెను. లివర్పూలు నగరమున కిట్టీ విల్కిన్సన్ అను శ్రామిక స్త్రీ యుండెను. 1832లో కలరా వ్యాపించినపుడు నీరు కాచు పెద్ద కాగు ఆమె యింటిలో ఉండెను. ఆమె తన యిరుగుపొరుగువారిని పిలిచి, రోగుల బట్టలను పడకగుడ్డలను తన యింటనే శుభ్రపఱచుకొనుడని చెప్పెను. ఆమె పూనికవలన నగరపాలకుల కన్నులు తెఱచుకొనెను. 1842లో లివర్పూలునందు ప్రజల కొఱకు స్నానశాలయు ఉతుకుశాలయు తెఱచిరి. 1846లో అట్టివానిని కట్టుటకు ఇంగ్లాండులో చట్టము చేసిరి.

ఈ ఉదాహరణమును ఫ్రెంచివారు శ్రద్ధతో పరిశీలించిరి. 1851వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన ఫ్రెంచి శాసనసభ ఒక చట్టమును ఆమోదించెను. ఉచితముగనో, తక్కువ రుసుముతోనో పేదలకు ఉపయోగపడు స్నానశాలలు, ఉతుకుసావడులు కట్టు గ్రామములకును పట్టణములకును తోడ్పడుటకై ఆ చట్టము 6,00,000 ఫ్రాంకులను కేటాయించెను. కట్టుబడి ఖర్చులో సుమారు మూడవ పాలు వఱకు ప్రభుత్వము ఇచ్చును. మిగిలినది ఊరివారే సమకూర్చుకొనవలెను.

ఆ మొత్తము పెద్దదిగా తోచును గాని లెక్క వేసి చూడుడు. ఆనాడు ఫ్రాన్సులో 36,000కు పైగా గ్రామములు, పట్టణములు ఉండెను. సమముగా పంచినచో ఒక్కొక్క దానికి పదునేడు ఫ్రాంకులైనను రావు. కావున ప్రభుత్వ ధనమున కంటె గ్రామస్థుల పట్టుదలయే ఎక్కువ పని చేసెనని చెప్పవలెను. బర్గండీ మొదలగు అడవులుగల ప్రాంతములలో గ్రామములు తమ ఉమ్మడి అడవిలోని చెట్లను అమ్మి ఆ సొమ్ముతో నీటికాలువలు, సావడులు కట్టించుకొనెను. ప్రక్కయూరిలో అందమైన సావడి లేచినచో, తమ యూరిలో అంతకంటె అందమైనది లేవవలెనని పోటీయు కలిగెను. తూర్పున ఓత్-సోన్ అను ప్రాంతమునందు కొన్ని గ్రామములలో క్రింద ఉతుకుసావడి, దానిపై మేయరు కచేరి ఒకే కట్టడముగా కట్టిరి. మీద ఊరి పెద్దలు తీర్మానములు చేయుచుండగా క్రింద ఊరి స్త్రీలు బట్టలు బాదుచుండిరి!

సావడి కట్టుటలో ఒక ముఖ్యసూత్రము కలదు. అది నీటి వరుస. ఊటనుండి వచ్చు నీరు చక్కగా అమర్చినచోట మొదట మనుష్యులు పట్టుకొను ధారలోనికి పోవును. అటనుండి పశువులు త్రాగు తొట్టిలోనికి, పిమ్మట ఉతుకుకుండములోనికి చేరును. కుండము రెండు భాగములైనచో, ఊటకు దగ్గఱగా ఉన్నది జాడించుటకు. దాని దిగువనున్నది సబ్బుతో ఉతుకుటకు. దిగువ మురికినీరు ఎగువకు రాజాలదు. కడకు ఆ నీరు పొలములలోనికో వాగులోనికో వెడలిపోవును.

ఈ వరుస ఎంత విలువైనదో తరువాతి కాలమున విజ్ఞానశాస్త్రము స్పష్టముగా తెలిపెను. 1854లో జాను స్నో అను వైద్యుడు లండను నగరమున కలరా త్రాగునీటి మూలమున వ్యాపించుచున్నదని చూపెను. 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కోక్ మన కలకత్తా నగరమునకు వచ్చి ఒక చెఱువునీటిని పరీక్షించెను. ఆ చెఱువునే జనులు త్రాగుటకును, స్నానమునకును, బట్టలుతుకుటకును వాడుచుండిరి. అచట మొదట కలరాతో మరణించినవాని బట్టలను ఆ నీటిలోనే ఉతికియుండిరి. కోక్ ఆ నీటిలో కలరాక్రిములను కనుగొనెను. త్రాగునీటిని ఉతుకునీటినుండి వేఱుచేసిన వారు, కారణము పూర్తిగా ఎఱుగకయే, ప్రాణరక్షణకు మార్గము వేసిరన్నమాట.

సావడుల రూపములు ప్రాంతమును బట్టి మాఱుచుండెను. ఏ ప్రాంతమున ఏ రాయి దొరకునో ఆ రాతితో గోడలు. ఎచట పెంకు, ఎచట పలకరాయి దొరకునో దానితోనే కప్పు. కొన్నింటి కప్పు నాలుగువైపుల లోపలికి వాలి, నడుమ ఆకాశము కనబడునట్లు తెఱపి విడిచియుండును. వెలుతురును వాననీరును ఆ తెఱపినుండి కుండములో పడును. నదియొడ్డున కట్టినవానికి ఇంకొక చిక్కు కలదు. వానకాలమున నీరు పెరుగును, వేసవిలో తగ్గును. అందుచేత కొన్నిచోట్ల ఉతుకువారు కూర్చుండు చెక్కనేలను గొలుసులతో వ్రేలాడదీసి, నీటిమట్టమును బట్టి పైకెత్తుటకును క్రిందికి దించుటకును వీలుగా అమర్చిరి.

ఇప్పుడు ఒక ఉదయమున సావడిలోనికి ప్రవేశించి చూతము. స్త్రీలు తోపుడుబండ్లతో వచ్చుచున్నారు. ప్రతివారివద్దను మూడు వైపుల పలకలు గల చిన్న కొయ్యపెట్టె యొకటి కలదు. అందులో గడ్డి పఱచుకొని మోకాళ్లపై కూర్చుందురు. గడ్డి మోకాళ్లను కాపాడును. పలకలు నీరు చిందకుండ అడ్డుకొనును. ఎదుట ఏటవాలు రాయి. కుడిచేత బాదుచెక్క. బట్టను తడిపి, మార్సెయ్ సబ్బు రుద్ది, బ్రష్షుతో తోమి, మడిచి, చెక్కతో కొట్టి, నీటిలో విసరి జాడింతురు. చివరి జాడింపులో నీలిమందు మూటను ముంచుదురు; తెల్లబట్టపై పసుపుఛాయ పోవును. చెక్కల చప్పుడు ఊరి యావలికి వినబడుచుండును.

సావడిలో ఎవరి స్థానము వారికి కలదు. శుభ్రమైన నీరు వచ్చు ఎగువచోటు అందఱికి ఇష్టమైనది. దానికొఱకు తగవులు వచ్చుచుండెను. ఎమిలీ జోలా అను ప్రసిద్ధ రచయిత 1877లో గ్రంథముగా వెలువడిన ‘లసొమ్వార్’ అను నవలలో పారిసు నగరపు ఉతుకుశాలలో ఇద్దఱు స్త్రీల నడుమ జరిగిన పోరాటమును వర్ణించెను. ఇట్టి తగవులు పల్లెలకును క్రొత్త కావు.

అయినను తగవులకంటె మాటలే ఎక్కువ. పురుషులు సాధారణముగా ఆ చోటికి రాకుండిరి. పురుషులకు మద్యశాల, సంత, సభ కలవు. స్త్రీలు తమలో తాము స్వేచ్ఛగా మాట్లాడుకొనుటకు ఈ సావడియే దిక్కు. ఎవరింట పెండ్లి, ఎవరింట పురుడు, ఎవరి కుమారుడు సైన్యమునుండి ఉత్తరము వ్రాసెను — ఈ వార్తలన్నియు ఇచటనే పుట్టి ఊరంతయు ప్రాకెడివి. నోరు విప్పకున్నను బట్టలే మాటలాడెడివి. ఏ యింట రోగి యున్నాడో, ఏ యింట లేమి ప్రవేశించినదో దుప్పటి చూచి చెప్పగలుగుచుండిరి. ‘మురికిబట్టలను ఇంటిలోనే ఉతుకుకొనవలెను’ అని ఫ్రెంచివారిలో ఒక సామెత కలదు. ఇంటిగుట్టు బయటపెట్టరాదని దాని భావము. పదిమంది యెదుట బట్టలుతుకవలసిన ఆ స్త్రీలకు ఆ సామెత అర్థము మనకంటె బాగుగా తెలిసియుండును.

సావడి చుట్టు కథలును అల్లుకొనెను. పశ్చిమమున బ్రిటనీ ప్రాంతమువారు రాత్రివేళ ఉతుకు దయ్యములను గుఱించి చెప్పుకొనెడివారు. అర్ధరాత్రి ఒంటరిగా పోవు బాటసారిని ఆ దయ్యములు పిలిచి, తడిదుప్పటి పిండుటకు సాయపడుమని కోరునట. అవి త్రిప్పిన వైపునకే తానును త్రిప్పినవాడు బ్రతుకును. ఎదురు త్రిప్పినవాని చేతులు విఱుగునట! ప్రసిద్ధ రచయిత్రి జార్జి సాండ్ తన ప్రాంతమున వినవచ్చిన ఇట్టి గాథలను 1858లో ప్రకటించిన గ్రంథమున చేర్చెను.

బట్టలుతుకు స్త్రీకి ఊరిలో మఱియొక స్థానమును కలదు. బర్గండీలోని మినో అను గ్రామమున నలుగురు విదుషీమణులు కొన్ని సంవత్సరములు ఊరివారి జీవనమును పరిశీలించిరి. వారిలో ఒకరైన ఇవోన్ వెర్దియే 1979లో ప్రకటించిన గ్రంథమున ఆ యూరి ఉతుకు స్త్రీ, కుట్టు స్త్రీ, వంట స్త్రీ అను మువ్వురి పనులను గుఱించి వ్రాసెను. పుట్టిన శిశువును మొదట కడిగి పొత్తిళ్లలో పెట్టునదియు, చనిపోయినవారిని కడిగి కడపటి వస్త్రము తొడుగునదియు ఒకే స్త్రీయని ఆమె తెలిపెను. జీవితపు రెండు కొనలయందును మనుష్యుని శుభ్రపఱచు చేయి అదియే. ఆ చేతిని ఊరివారు కొంత గౌరవముతోను కొంత వెఱపుతోను చూచుచుండిరి.

ఇంతవఱకు చెప్పినది చదివి, సావడి ఒక వినోదస్థలమని తలంపరాదు. చలికాలమున కుండముపై మంచు పేరుకొనును. దానిని పగులగొట్టి, ఆ నీటిలోనే చేతులు ముంచవలెను. వ్రేళ్లు కొంకర్లుపోవును, చర్మము పగిలి నెత్తురు చిమ్మును. కొందఱు ప్రక్కన వేడినీటి బకెటు ఉంచుకొని నడుమ నడుమ చేతులు అందులో ముంచెడివారు. మోకాళ్లు వాచును, నడుము వంగిపోవును. తడిసిన నారదుప్పటి బరువు ఎత్తినవారికే తెలియును. కూలికి ఉతుకు స్త్రీ సూర్యోదయమునుండి అస్తమయము వఱకు వంగియుండి సంపాదించునది స్వల్పము. ఓనోరే దోమియే అను చిత్రకారుడు 1860 ప్రాంతమున పారిసు నగరపు నదీతీరమున ఇట్టి స్త్రీ నొకతెను చిత్రించెను. ఆమె ఒక చేత బట్టలమూటను మోయుచు, రెండవ చేత చిన్నబిడ్డను పట్టుకొని మెట్లెక్కించుచుండును. ఆ చిత్రమును చూచినవారికి ఉతుకుపని ఎట్టిదో వేఱుగా చెప్పనక్కఱలేదు.

కప్పు వేయుటవలన వాన తగ్గెను. రాయి పఱచుటవలన బురద తగ్గెను. కాని చలి తగ్గలేదు, మోకరిల్లుట తగ్గలేదు. సావడి స్త్రీల భారమును కొంత తేలిక చేసెను గాని తొలగింపలేదు.

భారమును తొలగించినవి వేఱు. 19వ శతాబ్దపు చివరిభాగమున రేకుతో చేసిన ఉడుకుపాత్ర వచ్చెను. దాని నడుమనున్న గొట్టమునుండి కాగిన సబ్బునీరు తానే పైకెక్కి బట్టలపై కురియుచుండెను. దినమంతయు నీరు పోయు నరకము తప్పెను. తరువాత కుళాయి వచ్చెను. అయితే అది మెల్లగా వచ్చెను. 1954వ సంవత్సరపు జనాభా లెక్కల నాటికి ఫ్రాన్సు దేశమున పది యిండ్లలో సుమారు ఆఱింటికి మాత్రమే కుళాయినీరు కలదు, పల్లెలు వెనుకబడియుండెను. పిమ్మట విద్యుచ్ఛక్తితో పనిచేయు ఉతుకుయంత్రము వ్యాపించెను. 1970 దశకము నాటికి అది సగముకంటె ఎక్కువ కుటుంబములకు చేరెను. స్త్రీలు ఒక్కొక్కరే సావడిని విడిచిరి. బాదుచెక్కల చప్పుడు ఆగెను.

సావడిని విడిచినందులకు ఆ స్త్రీలు దుఃఖించిరా? మంచునీటిలో చేతులు పగిలినవారు యంత్రమును చూచి సంతోషింపక ఎట్లుందురు? అయినను ఆ సంతోషముతోపాటు ఒక లోటును కలిగెను. ఇంటిలో యంత్రము పనిచేయునపుడు ప్రక్కన మాటలాడువారు లేరు. కష్టము పోయెను, కష్టములో దొరకిన తోడును దానితోనే పోయెను. మేలు కలిగినపుడు కూడ ఏదో ఒకటి విడువవలసి వచ్చుట మనుష్యజీవితమున తఱచు జరుగు విషయమే.

పాడుపడిన సావడులలో కొన్ని కూలిపోయెను, కొన్నింటిని కూల్చివేసిరి. తరువాత గ్రామస్థులకు వానియందు మరల మక్కువ కలిగెను. కప్పులు బాగుచేయించిరి, పూలకుండీలు పెట్టించిరి. బ్రిటనీలోని పోంత్రియో అను చిన్న పట్టణమున నదికి ఇరువైపుల యిండ్లవారు కట్టుకొన్న సుమారు ఏబది ఉతుకురేవులను బాగుచేసి అలంకరించిరి. యాత్రికులు పడవలలో పోవుచు వానిని చూచెదరు. ఇట్టి ప్రాచీన గ్రామకట్టడముల రక్షణకు తోడ్పడుటకై 1996లో చట్టముద్వారా ఒక జాతీయసంస్థయు ఏర్పడెను.

బాలబాలికలారా! అట్టి సావడి గోడపై కొన్నిచోట్ల ఒక రాతిపలక కనబడును. అందు కట్టిన సంవత్సరము, నాటి మేయరు పేరు చెక్కియుండును. కట్టించినవాని పేరు చెక్కుట న్యాయమే. కాని ఆ కుండము ముందు నూఱేండ్లు మోకరిల్లిన స్త్రీల పేర్లు ఎచటను లేవు. ఒక ఊరివారందఱు శుభ్రమైన చొక్కాతో చర్చికి పోవుటకును, పిల్లలు తెల్లని దుప్పటిపై నిద్రించుటకును, రోగములు కొంతైన తగ్గుటకును వారి చేతులు కారణము. వారు వ్రాసిన అక్షరము ఒకటియే: ఉతుకురాతి నడుమ పడిన గుంట. అది ఒకరు వ్రాసినది కాదు. తల్లి, కూతురు, మనుమరాలు వరుసగా వ్రాసినది. దానిని చదువ నేర్చినవానికే ఆ కట్టడము అర్థమగును.

నేటికిని లోకమున అనేక దేశములలో నీరు ఇంటికి రాక, స్త్రీలు నీటియొద్దకే పోవుచున్నారు. మనము ధరించు ఉతికిన బట్ట వెనుక ఎవరి శ్రమయో ఉండనే యున్నది. ఆ శ్రమను గుర్తించుటయు, దానిని పంచుకొనుటయు, తేలికపఱచు మార్గమును వెదకుటయు మన విధి.

ప్రశ్నలు

1. ‘పెద్ద ఉతుకుడు’ జరుగు మూడు దినములకు ఏ పేర్లు పెట్టిరి? ఎందులకు?
2. బూడిదనీటితో బట్టల మురికి ఎట్లు పోవును?
3. 1851వ సంవత్సరపు చట్టమునకు దారితీసిన పరిస్థితులను వివరింపుడు.
4. ఉతుకుసావడిలో నీటి వరుస ఎట్లుండెను? దాని ప్రయోజనమేమి?
5. ‘కష్టము పోయెను, కష్టములో దొరకిన తోడును దానితోనే పోయెను.’ ఈ వాక్యమును మీ మాటలలో వివరింపుడు.